రసీదు మీద పేరు ఎవరిది?

ఈ మధ్య మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెద్ద యుద్ధమే జరిగింది. డాలస్‌లో ఉండే మిత్రుడు మొదలుపెట్టాడు. "ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాడికే ఓటు ఉండాలిరా. కట్టేది మనం, తీసుకునేది వాళ్లు, గెలిపించేదీ వాళ్లే. ఇదెక్కడి న్యాయం?" అన్నాడు. నిమిషంలో ఇరవై బొటనవేళ్లు పైకి లేచాయి. అందులో ఒకటి నాది.

దాచుకోవడం దేనికి, ఆ మాటలో నాకు న్యాయమే కనిపించింది. సింగపూర్ రాకముందు హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. ప్రతి నెలా జీతం స్లిప్పులో టీడీఎస్ గడి చూసి నిట్టూర్చినవాడినే. ఎన్నికలు రాగానే పోటీలు పడి పథకాలు ప్రకటిస్తుంటే 'మన డబ్బే కదా' అని కడుపు మండిన మాట నిజం. ఇక్కడ స్థిరపడిన చాలా కుటుంబాల్లో భోజనాల దగ్గర ఈ మాట వినిపిస్తుంది. చెడ్డవాళ్లు అనే మాటేమీ కాదు, కష్టపడి సంపాదించినవాళ్లు అనే మాటే.

బొటనవేలు గుర్తు పెట్టాక మాత్రం ఎందుకో మనసు ఊరుకోలేదు. యాంగోన్‌లో పరిచయమైన ఒక పెద్దాయన గుర్తొచ్చాడు.

2015 నుంచి 2019 వరకు కంపెనీ పని మీద నేను యాంగోన్‌లో ఉన్నాను. అక్కడ హోటల్లో తింటే బిల్లుకి చిన్న చిన్న స్టాంపులు అంటించి ఇస్తారు. అయిదు శాతం కమర్షియల్ ట్యాక్స్ వసూలు చేశామనడానికి అదే రుజువు. మా ఆఫీసుకి రెండు వీధుల అవతల ఒక తెలుగాయన చిన్న కిరాణా కొట్టు నడిపేవాడు. అప్పటికే డెబ్భై దాటాయి. పుట్టింది అక్కడే. తెలుగు మాత్రం అచ్చం శ్రీకాకుళం తెలుగు, వాళ్ల నాన్న ఓడెక్కిన నాటి దగ్గరే ఆగిపోయిన తెలుగు. నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన బాబూ అనేవాడు.

2015 నవంబరు 8న అక్కడ ఎన్నికలు. సాయంత్రం కొట్టు ముందు నుంచి వెళ్తుంటే పిలిచి మరీ సిరా అంటిన వేలు చూపించాడు. జీవితంలో అదే మొదటి ఓటట. అదేమిటి బాబాయ్, ఇన్నాళ్లూ వెయ్యలేదా అన్నాను. విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డుతో సగం జీవితం గడిచిందనీ, తండ్రి కాగితాలు 1942లో జపాన్ బాంబుల కాలంలో పోయాయనీ, ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి పౌరసత్వం కార్డు తెచ్చుకునేసరికి తల నెరిసిందనీ చెప్పాడు. మరి కొట్టుకి పన్ను? "అది ముప్పయ్యేళ్ల బట్టీ కడతన్నాను. పన్నుకి ఎవుడూ కార్డు అడగలేదు బాబూ. ఓటుకే అడిగినారు" అన్నాడు.

ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు గ్రూపులో గొడవ తర్వాత అర్థమైంది, మా డాలస్ మిత్రుడి మాటకి జవాబు వెతకాలంటే యాంగోన్ కంటే మంచి ఊరు లేదని. ఎందుకంటే పన్ను రసీదు చూసి ఓటిచ్చిన ఊరది. ఆ లెక్కలో ఓడిపోయింది మనవాళ్లే.

మా కాకినాడ ప్రాంతంలోనూ, ఉత్తరాంధ్రలోనూ పాతవాళ్లు దాన్ని రంగూన్ అనరు, రంగం అంటారు. 'రంగం పోయాడు' అంటే అక్కడ పనికి పోయాడని అర్థం. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్ల మీద వెళ్లేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు తెలుగువాళ్లందరికీ 'కొరంగీ' అని పేరు పెట్టేశారు. తర్వాత తర్వాత అది తిట్టుగా కూడా మారింది.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం నాలుగు లక్షలు. అందులో 2,12,929 మంది భారతీయులు. అంటే ఊళ్లో సగానికి పైగా మనదేశం వాళ్లే. ఓడల్లో బియ్యం బస్తాలు ఎత్తడం, రైసు మిల్లు పని, రిక్షా లాగడం, మరుగుదొడ్లు శుభ్రం చేయడం - వీటిలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. మేస్త్రీ ఊళ్లోనే అడ్వాన్సు ఇచ్చి, టికెట్టు కొని తీసుకెళ్లేవాడు. కూలి డబ్బులు మేస్త్రీ చేతి మీదుగానే వచ్చేవి. అతని వాటా పోగా మిగిలింది కూలీది. ఈ పద్ధతి మీద ఎ. నారాయణరావు అనే ఆయన 1930లో 'కాంట్రాక్ట్ లేబర్ ఇన్ బర్మా' అని ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు.

ఇక ఓటు సంగతి. 1923లో బర్మాకి కొత్త శాసన మండలి వచ్చింది. దానికి 1922 చివర్లో ఎన్నికలు. పల్లెల్లో తలపన్నో ఇంటి పన్నో కట్టే కుటుంబ పెద్దలకు ఓటు ఇచ్చారు. వయసు 18 నిండితే చాలు. ఆడవాళ్లకు నిషేధం లేదు. వినడానికి బాగానే ఉంది. మన మద్రాసు రాష్ట్రంలో అదే కాలంలో ఉన్న ఓటుహక్కు కంటే విశాలం కూడా. కానీ ఆ తలపన్ను ఎలాంటిదో చూడండి. దిగువ బర్మాలో పెళ్లయిన మగవాడికి ఏడాదికి 5 రూపాయలు, బ్రహ్మచారికి రెండున్నర. పది ఎకరాలవాడికీ అదే, కూలికి పోయేవాడికీ అదే. జనం అన్నిటికంటే ఎక్కువ అసహ్యించుకున్న పన్ను అది. 1930 డిసెంబరులో థారావాడి జిల్లాలో సాయా శాన్ నాయకత్వాన రైతులు తిరగబడ్డారంటే కారణాల్లో ఈ పన్ను ఒకటి. అలాంటి పన్ను రసీదే ఓటుకి టికెట్టు అన్నారు. జాతీయవాదులు బహిష్కరించడంతో 1922లో ఓటేసినవాళ్లు ఏడు శాతం కూడా లేరు. పన్ను కడితే ప్రభుత్వం మనదన్న భావన తనంతట తనే వస్తుందని మా మిత్రుడి వాదన. అక్కడ అలా రాలేదు మరి.

రంగూన్ లాంటి పట్టణాల్లో లెక్క వేరు. ఆస్తి, మునిసిపల్ పన్ను, ఆదాయపు పన్ను లాంటివి చూసేవారు. ఇక్కడే మనవాడు జారిపోయాడు.

బాబాయ్ తండ్రి డాకుల్లో కూలీ. ఉన్నది ఊరి నడిబొడ్డున ఒక మేడ మీద గది. మనిషికొక చాప పరిచే చోటు కూడా లేక, పగలు పనికి పోయినవాడి చాప మీద రాత్రి పనివాడు పడుకునేవాడట. గది మేస్త్రీ పేర ఉండేది. మేస్త్రీ మేడ యజమానికి అద్దె కట్టేవాడు. యజమాని కార్పొరేషన్‌కి ఇంటి పన్ను కట్టేవాడు. రసీదు యజమాని పేర వచ్చేది.

ఆ పన్ను నిజానికి కట్టిందెవరు? యజమాని జేబులోంచి ఒక్క అణా పోలేదు. ఇరవై, ముప్పై మంది కూలీల దగ్గర అద్దె రూపంలో తీసుకున్నదే అటు పంపాడు. కాగితం మీద మాత్రం పన్ను చెల్లింపుదారు ఆయన. ఓటరూ ఆయనే. మురుగు కాల్వలు, మంచినీళ్లు, ఒక గదిలో ఎంతమంది ఉండొచ్చు అన్న నిబంధన - ఇవన్నీ తేల్చే కార్పొరేషన్‌ని ఎన్నుకునేది ఆయనే. ఆ గదిలో ఊపిరాడక పడుకున్నవాడికి మాట లేదు. వాడు ఉప్పు కొంటే అందులో పన్ను, కిరసనాయిలు కొంటే అందులో పన్ను. వాడి భుజం మీద ఓడెక్కిన ప్రతి బియ్యం బస్తా మీద సర్కారుకి ఎగుమతి సుంకం. ఇవేవీ వాడి పేర రసీదులు కావు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు ఇలా తోస్తుంది. డేటాబేసులో 'చెల్లించినవారు' అనే గడిలో ఉన్న పేరూ, డబ్బు నిజంగా ఎవరి జేబులోంచి వచ్చిందన్న సంగతీ రెండు వేర్వేరు విషయాలు. పన్ను చూసి ఓటు అనేవాళ్లు మొదటి గడి చూసి రెండోది అనుకుంటున్నారు.

మాట లేకపోతే ఏమవుతుంది? 1930 మే నెలలో డాకుల్లో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. స్టీవడోర్ కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పని చేయించాయి. తర్వాత రాజీ కుదిరి తెలుగువాళ్లను వెనక్కి పిలిచారు. మే 26న, పనికి వచ్చిన బర్మా కూలీలను ఇక అక్కర్లేదు పొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవాళ్లే. ఓటుంటే ఆ గొడవ జరిగేది కాదని నేననను, అది అతి అవుతుంది. బతుకు బాగాలేని ఇద్దరు పేదవాళ్లు ఒకే బస్తా కోసం కొట్టుకున్నారు. ఇద్దరినీ ఆడించినవాళ్లను నిలదీసే దారి మాత్రం ఆ కూలీలకు లేదు.

1932 నవంబరులో ఇంకో ఎన్నిక జరిగింది. బర్మా ఇండియా నుంచి విడిపోవాలా వద్దా అన్నదే ప్రధాన విషయం. ఆ నిర్ణయం ఎవరి బతుకుల్ని తలకిందులు చేస్తుంది? రేపు పాస్‌పోర్టు, అనుమతి కావాలంటే ఎవరు ఇరుక్కుంటారు? బస్తాలు మోసేవాడే. వాళ్లలో ఎక్కువమంది ఆ రోజు కూడా బస్తాలే మోశారు, ఓటు వేయలేదు. విడిపోవద్దన్న పక్షాలు గెలిచినా 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది, అది వేరే కథ.

ఆ విడిపోయిన బర్మాకి 1935లో చేసిన చట్టం ప్రతినిధుల సభలో 132 సీట్లు పెట్టింది. వాణిజ్యం, పరిశ్రమల వాళ్లకు 11. కార్మికులకు 4. అందులో భారతీయ కార్మికులకు 2. మామూలు అర్హతల్లో కూలీకి చోటు దొరకదని చట్టం రాసినవాళ్లే ఒప్పుకున్నట్టు కదా, లేకపోతే వేరే సీట్లు పెట్టడం దేనికి? అదీ ఆలస్యంగా, అదీ పిసరంత.

బర్మా స్వతంత్రమయ్యాక రాజ్యాంగంలో వయోజన ఓటు వచ్చింది. కానీ అప్పటికి మనవాళ్ల ముందు ప్రశ్న మారింది. పన్ను కాదు, పౌరసత్వం. 1962లో సైన్యం గద్దెనెక్కింది, దుకాణాలు జాతీయం చేశారు, 1964లో పెద్ద నోట్లు రద్దు చేశారు. లక్షలమంది భారతీయులు ఓడలెక్కి వెనక్కి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అలా పుట్టిందే. బాబాయ్ అన్నగారు అలా వచ్చేసినవాడే. ఈయన ఉండిపోయాడు.

గ్రూపులో ఇదంతా రాస్తే డాలస్ మిత్రుడు వెంటనే ఒప్పుకోలేదు. అది తెల్లవాళ్ల కాలం, ఇప్పుడు సంగతి వేరు అన్నాడు. సరే, ఇప్పటి సంగతే చూద్దాం.

2024 లోక్‌సభ ఎన్నికలకు మన దేశంలో ఓటర్లు సుమారు 97 కోట్లు. ఆ ఏడాది జులై 31 గడువుకి దాఖలైన ఆదాయపు పన్ను రిటర్నులు 7.28 కోట్లు. అందులోనూ చాలామంది కట్టాల్సిన పన్ను సున్నా. ఈ లెక్క చూపించే 'కట్టేది మనమే' అంటారు. కానీ మా ఊళ్లో రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే కుర్రాడు నెలకి 299 రూపాయల రీచార్జి చేయిస్తే అందులో 45 రూపాయలు జీఎస్టీ. బండిలో పెట్రోలు పోయిస్తే పన్ను. సాయంత్రం క్వార్టర్ కొంటే దాని మీద పన్ను ఎంతో చెప్పక్కర్లేదు, మన రెండు రాష్ట్రాల ఖజానాలూ ఎంతగా దాని మీద నిలబడ్డాయో పేపరు చదివేవాళ్లకి తెలుసు. ఆ కుర్రాడికి రసీదు ఉండదు, పాన్ కార్డు ఉండదు. రంగం మేడ మీది గదిలో చాప మీద పడుకున్నవాడే వీడూ.

మరోవైపు యాభై ఎకరాల ఆసామికి వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. ఆయన ఓటు తీసేస్తారా? మా అమ్మ జన్మలో రిటర్ను వేయలేదు. మమ్మల్ని ముగ్గురినీ ట్యాక్స్ కట్టేవాళ్లను చేసింది ఆవిడే. ఆవిడ ఓటు?

అన్నిటికంటే తమాషా ఏమిటంటే, ఈ నిబంధన పెడితే ముందు ఓటు పోయేది మనకే. ప్రవాస భారతీయుడు విదేశంలో సంపాదించే జీతం మీద ఇండియాలో ఆదాయపు పన్ను కట్టడు. నేను కట్టను, డాలస్‌వాడూ కట్టడు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో మండుటెండలో పనిచేసే జగిత్యాల మనిషి అక్కడా జీతం మీద పన్ను కట్టడు, ఇక్కడా కట్టడు. ఇంటికి పంపిన డబ్బుతో వాళ్ల ఆవిడ సరుకులు కొంటే మాత్రం కడుతుంది.

పోనీ పన్ను కట్టే చోట ఓటిస్తారా? సింగపూర్‌లో ఏటా పన్ను కడుతున్నాను, ఓటు పౌరులకే. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఫెడరల్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ అన్నీ కడతారు, ఓటు లేదు. ఎక్కడ కడుతున్నామో అక్కడ ఓటు లేదు, ఎక్కడ కట్టడం లేదో అక్కడ ఓటుంది. అలాంటి మనం పన్నుకీ ఓటుకీ ముడిపెట్టమని అడగడం కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లది కొంచెం మెరుగు, కామన్వెల్త్ పౌరులుగా భారతీయులకు అక్కడ ఓటుంది. న్యూజిలాండ్ 1975 నుంచి శాశ్వత నివాసులకూ ఇచ్చింది.

మా మిత్రుడుండే టెక్సాస్ సంగతి కూడా చెప్పాలి. ఓటు వేయాలంటే ముందు పోల్ ట్యాక్స్ కట్టి రసీదు తెచ్చుకోవాలన్న రాష్ట్రాల్లో అదొకటి. ఒకటిన్నర డాలర్లు, ఒకటీ ముప్పావు. చిన్న మొత్తమే అనిపిస్తుంది. పత్తి చేలల్లో పనిచేసే నల్లవాళ్లకీ, మెక్సికన్లకీ, పేద తెల్లవాళ్లకీ చిన్నది కాదు. 1964లో రాజ్యాంగానికి 24వ సవరణ చేసి ఫెడరల్ ఎన్నికల్లో ఆపారు. 1966లో సుప్రీంకోర్టు వర్జీనియా కేసులో రాష్ట్రాల ఎన్నికల్లో కూడా చెల్లదంది. వాడు పొద్దున లేచి ఆఫీసుకి వెళ్లే రోడ్ల మీద, అరవై ఏళ్ల కిందట, పన్ను రసీదు జేబులో పెట్టుకుని జనం ఓటేయడానికి వెళ్లారన్నమాట.

మన దగ్గర అంబేడ్కర్ 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు నిలబడి ఈ ఆస్తి అర్హతల మీద వాదించారు. 1928లో సైమన్ కమిషన్‌కి వయోజన ఓటే కావాలని రాసిచ్చారు. 1951-52లో మొదటిసారి 17 కోట్లకు పైగా జనానికి, అందులో అత్యధికులు చదువురానివాళ్లకు, ఒక్క రసీదూ అడక్కుండా ఓటిచ్చారు. మా తాతగారికి మాగాణి ఉండేది కాబట్టి అంతకుముందూ ఓటుండేది. ఆయన పాలేరుకి ఓటొచ్చింది ఆ ఏడాదే.

పథకాల దుబారా మీద కోపం ఉంటే ఉండాలి, నాకూ ఉంది. బడ్జెట్ లెక్కలు అడగాలి, కాగ్ నివేదికలు చదవాలి. దానికోసం పక్కవాడి ఓటు తీసేయక్కర్లేదు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో చూస్తూనే ఉన్నాం కదా. నెల నెలా మెయింటెనెన్స్ కట్టేది అద్దెకున్నవాడు, మీటింగులో చెయ్యెత్తేది అమెరికాలో ఉన్న ఓనరు. లిఫ్టు ఎవరికి పాడైందో ఎవరికి తెలుస్తుంది?

యాంగోన్‌లో 2021 ఫిబ్రవరి 1న మళ్లీ సైన్యం వచ్చింది. 2020 నవంబరులో జనం వేసిన ఓట్లు చెల్లవంది. ఆ తర్వాత నెలల తరబడి చాలామంది కరెంటు బిల్లులు, పన్నులు కట్టడం మానేశారు. ప్రభుత్వ లాటరీ టికెట్లు కొనడం కూడా ఆపేశారు. నిజానికి పన్నుకీ ఓటుకీ సంబంధం ఏదైనా ఉందంటే అది ఇలా తిరగేసినది. ఓటు లాక్కున్నవాడికి పన్నెందుకు కట్టాలన్నారు వాళ్లు. బాబాయ్‌తో ఆఖరిసారి ఫోన్లో మాట్లాడింది ఆ రోజుల్లోనే. కొట్టు సగం తలుపు తీసి ఉంచుతున్నానన్నాడు. నేను ఓటు మాట ఎత్తలేదు. ఆయనే, ఆ వేలి సిరా నెల్లాళ్లు పోలేదు గుర్తుందా బాబూ అన్నాడు.

గ్రూపులో చివరికి డాలస్‌వాడు ఒకటే అడిగాడు. "ఇంత చెబుతున్నావు, నీ ఓటెక్కడుందిరా?" నిజమే. కాకినాడ జాబితాలో నా పేరు ఎప్పుడో తీసేశారు. 2024లో ప్రవాస ఓటర్లుగా నమోదైనవాళ్లు దేశం మొత్తం మీద 1,19,374 మంది. వాళ్లలో ఎక్కువమంది కేరళవాళ్లే. ఓటు వేయడానికి వచ్చినవాళ్లు మూడు వేలు కూడా లేరు. విమానం టికెట్టు కొనుక్కుని స్వయంగా రావాలి మరి, అదీ ఒక రకం ఆదాయపు అర్హతే అనుకోండి.

నిన్న రాత్రి కూర్చుని ఫారం 6ఎ నింపాను. పుట్టిన తేదీ అడిగింది. పాస్‌పోర్టు నంబరు, అందులో ఉన్న ఊరి చిరునామా, వీసా వివరాలు, ఇక్కడి అడ్రసు అడిగింది. పాన్ నంబరు గడి ఎక్కడుందా అని అలవాటుగా కిందిదాకా వెతికాను. లేదు.